ట్యూబా, ట్యూబ్‌లెస్సా: స్వేచ్ఛ దేనిలో ఉంది?

రోడ్ సైకిల్‌కు ట్యూబు టైరా, ట్యూబ్‌లెస్ టైరా అన్న ఎంపిక వెనుక ఒక పాత తాత్విక ప్రశ్న ఉంది. చీకూచింతా లేకుండా సాగిపోవడం స్వేచ్ఛా, వచ్చిన చిక్కును తన చేత్తో తీర్చుకోగలగడమా?

ట్యూబ్‌లెస్ మొదటిదాన్ని ఇస్తానంటుంది. నిజామాబాద్ జిల్లాలోని చందూర్, వర్ని, బోధన్ చుట్టూ చెరకు, వరి పొలాల పక్కన తొక్కేవారికి అది చిన్న మాట కాదు. పల్లేరు కాయ, తుమ్మముల్లు సన్నని టైరులోకి ఇట్టే దిగిపోతాయి. టైరులో పోసిన లేటెక్స్ ద్రవం బయటికి తన్నుకొచ్చే గాలితో పాటు ఆ రంధ్రంలోకి చేరి గడ్డకడుతుంది. ముల్లు గుచ్చుకున్న సంగతే తొక్కేవారికి తెలియకపోవచ్చు. గుంతలో పడ్డప్పుడు రిమ్ము కింద నలిగి చిరగడానికి లోపల ట్యూబే ఉండదు. కాబట్టి గాలి కాస్త తగ్గించి గతుకుల మీద సుఖంగా పోవచ్చు.

ఆ నిశ్చింతకు గడువుంది. ద్రవం కొన్ని నెలల్లో ఎండిపోతుంది, నిజామాబాద్ వేసవిలో ఇంకా తొందరగా. టైరు అంచు రిమ్ములో కూర్చోవాలంటే ఒక్క ఊపున గాలి పట్టాలి. చేతిపంపుకు అది తరచూ లొంగదు. పెద్ద కోత పడి, అందులో దూర్చే ప్లగ్గు కూడా నిలవకపోతే చివరికి లోపల ట్యూబే వేయాలి.

ట్యూబు ఇచ్చేది రెండోదాన్ని. పంక్చరైతే కావలసినవి టైరు లీవర్లు, ప్యాచ్, సొల్యూషన్, పంపు. నీళ్లలో ముంచితే బుడగలే రంధ్రం చూపిస్తాయి. ఊళ్లో పంక్చర్లు వేసే ఎవరికైనా తెలిసిన పని. రోడ్ సైకిళ్ల సన్నని ప్రెస్టా వాల్వుకు మాత్రం మోటారు సైకిళ్లకు గాలి పట్టే గొట్టం నేరుగా పట్టదు. చిన్న అడాప్టర్ వెంట ఉండాలి.

ఇక మొదటి ప్రశ్నకు వస్తే, తత్వవేత్త ఇవాన్ ఇల్లిచ్ 1973లో వెలువరించిన 'టూల్స్ ఫర్ కన్వివియాలిటీ'లో పనిముట్టును కొలిచే ప్రమాణం ఇదే: అది మనిషి చేతిలో ఉందా, మనిషే దాని చేతిలో ఉన్నాడా? 1909లో 'హింద్ స్వరాజ్'లో యంత్రాలను తీవ్రంగా ఖండించిన గాంధీ, 1924 నాటి ఒక సంభాషణలో సింగర్ కుట్టు మిషన్‌ను మినహాయించారు. ఆయన అభ్యంతరం యంత్రం మీద కాదు, యంత్రాల వ్యామోహం మీద. ఈ కొలతతో చూస్తే చందూర్ దారులకు ట్యూబే మేలు. దాని మరమ్మతు కళ్లకు కనిపిస్తుంది, నేర్చుకుంటే ఎవరికైనా వస్తుంది. ట్యూబ్‌లెస్ తప్పేమీ కాదు. దాని లోపలి పని తెలియకుండా దాన్ని నమ్ముకోవడమే పరాధీనత. ద్రవం నింపడం, ప్లగ్గు పెట్టడం నేర్చుకుని, వెంట ఒక ట్యూబు ఉంచుకునేవారికి ఆ పరాధీనత చాలావరకు ఉండదు.