ఎలాగూ కదలదు కదా!

మొన్న వేసవిలో మా వ్యాను కంచికచర్ల దాటీ దాటకుండానే ఆగిపోయింది. వ్యానంటే మామూలు వ్యాను కాదు లెండి. నాన్నగారు ఎప్పుడో ఒక పాత మెటడార్ కొని, లోపల మడత పడే చెక్క బల్లలు రెండు వేయించి, స్టవ్వుకి ఒక అర, నీళ్ళకి ఒక డ్రమ్ము అమర్చి, "ఇదే మన రెండో ఇల్లు" అని చాటింపు వేశారు. చక్రాల మీద ఇల్లంటే తెలుగువాళ్ళకి వెంటనే గుర్తొచ్చేది 1982లో ఎన్.టి. రామారావుగారు పాత షెవర్లే వ్యానెక్కి ఊరూరా తిరిగిన చైతన్యరథం. మా రథానికి అంత చరిత్ర లేదు. అమ్మ కలిపిన పులిహోర వాసన మాత్రం దాని రేకులకి పట్టేసింది.

నాన్నగారు పోయి రెండేళ్ళయింది. "నృసింహ జయంతికి వేదాద్రి వెళ్దామే, ఆ బండిలోనే" అంది అమ్మ. కాదనలేకపోయాను. జయంతికి ముందురోజు పొద్దున్నే విజయవాడలో బయల్దేరాం. మావారు నడుపుతున్నారు. కంచికచర్లలో ముందు చక్రం దగ్గర కటకటమని చప్పుడు, ఆ పైన నిశ్శబ్దం!

మెకానిక్ కుర్రాడు కిందకి దూరి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "షాఫ్టు పళ్ళు అరిగిపోయాయక్కా. ఈ బండ్లు రావడం మానేసి ఎన్నాళ్ళయింది! కొత్తది దొరకదు. ఆటోనగర్ పంపించి, వెల్డింగు పోయించి, పళ్ళు కొత్తగా కోయించాలి. మూడు రోజులు."

వయసు మీదపడ్డ బండిని ఏమని తప్పు పడతాం? అంబాసిడర్ కారు అంతటి దాన్నే 2014లో తయారు చెయ్యడం ఆపేశారు. ఆ తరవాత కూడా వాటిని నడిపించినవాళ్ళు లేత్ మిషన్ల దగ్గరివాళ్ళూ, పాత సామాన్ల కొట్లవాళ్ళూనూ.

"ఇంకో దారి లేదా బాబూ?" అన్నాను.

కుర్రాడు తటపటాయించి, సందు చివరికి తీసుకెళ్ళాడు. వేపచెట్టు కింద అచ్చం మా వ్యానులాంటిదే! ఒకప్పుడు మిరపకాయల బస్తాలు తోలిన బండి. టైర్లలో గాలి లేదు. కింద కోళ్ళు గింజలు ఏరుకుంటున్నాయి. దాని షాఫ్టు తీసి మాకు బిగిస్తే సాయంత్రానికి వేదాద్రిలో ఉంటాం.

బండిగలాయన డెబ్భై దాటిన మనిషి. ధర అడిగితే మాట్లాడలేదు. నేను రెట్టింపు ఇస్తానన్నాను. అప్పటికీ మాట్లాడకపోతే, "ఎలాగూ కదలదు కదా బాబాయిగారూ!" అన్నాను.

ఆయన నావైపు చూడకుండా అన్నారు: "కదిలి ఆరేళ్ళయిందమ్మా. కానీ ఇంక కదలదని నేనింకా అనుకోలేదు. సరే... తీసుకోండి."

అప్పుడు గమనించాను. బండంతా దుమ్మే గానీ ముందు అద్దం మాత్రం తళతళలాడుతోంది. రోజూ తుడుస్తున్నారన్నమాట!

నా వెనకే కుంటుకుంటూ వచ్చిన అమ్మ ఒక్క మాటే అంది. "వద్దులే అన్నయ్యగారూ. మేం మూడు రోజులు ఆగుతాం."

ఆగింది బండే. మోకాలి చిప్ప మార్పించుకున్న మా అమ్మ బస్సెక్కి, ఆటో ఎక్కి, ఆపసోపాలు పడుతూ వేదాద్రి చేరింది. దారి పొడుగునా నేను సణుగుతూనే ఉన్నాను. "ఆయనకి డబ్బు అవసరమేమో. మన జాలికోసం ఆయన బేరం చెడగొట్టామేమో!"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. పేదవాడి వస్తువు కొనకుండా, దాని మీద కావ్యాలల్లడం సుఖంగా ఉన్నవాళ్ళకి సులువే. పోనీ, అడగడమే తప్పనుకుంటే లోకంలో ఏ బేరమూ జరగదు. మరి నా మనసుకి గుచ్చుకున్నదేమిటి?

జగ్గయ్యపేటలో బౌద్ధ స్తూపం అవశేషాలున్నాయి. బస్సు ఆ వైపు సాగుతుంటే మిళిందుడనే గ్రీకు రాజుని నాగసేనుడు అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. రాజా, రథం మీద వచ్చానన్నావే, చక్రాలు రథమా? ఇరుసు రథమా? కాడి రథమా? ఏదీ కాదు. అన్నీ కలిసినప్పుడు మనం పెట్టుకున్న పేరే రథం. ఇదే అమ్మతో అంటే, "నా మోకాలు కూడా కొత్తదేగా! నేను మీ అమ్మని కాకుండా పోయానా?" అని నవ్వేసింది.

నిజమే. పేరు మనం పెట్టేదే. అయితే ఒక బండిని బండి అనాలో, పాత ఇనుము అనాలో చెప్పవలసిందెవరు? రోజూ అద్దం తుడిచేవాడా, దారినపోతూ అవసరం పడ్డ నేనా? ధర అడిగినంతవరకూ నేను కొనేదాన్నే. "ఎలాగూ" అన్న క్షణంలో ఆయన తరఫున తీర్పు చెప్పేదాన్నయ్యాను. అడగడం తప్పు కాదు. ఎదుటివాడి ఆశకి మనమే చావుకబురు చెప్పి, ఆ పైన ఒప్పించడం తప్పు. ఆయన "సరే" అన్నారు గానీ, అది ఇష్టపడి అన్నది కాదు, నా మాటకి ఓడిపోయి అన్నది.

ఈ "ఎలాగూ" మనకి కొత్తదా చెప్పండి? "ఎలాగూ ఇంట్లోనే ఉంటుందిగా, ఆ పని తనే చూసుకుంటుంది." "ఎలాగూ పెళ్ళయి వెళ్ళేదేగా, ఇంకా చదువెందుకు?" "అత్తగారికి ఎలాగూ నిద్ర పట్టదు, పిల్లాణ్ణి ఆవిడ దగ్గర పడుకోబెట్టు." మన బతుకులోంచి ఒక్కొక్క భాగం ఇలాగే ఊడదీసి పక్కవాళ్ళ బండికి బిగిస్తుంటారు. ధర కూడా అడగరు! అది తెలిసి తెలిసీ, ఆ వేపచెట్టు కింద నేనూ అదే మాట అన్నాను.

మూడు రోజులన్నది నాలుగయింది. కొత్త పళ్ళతో మా రథం ఇల్లు చేరింది. ఆ పెద్దాయన బండి మళ్ళీ కదులుతుందో లేదో! కదలకపోయినా, కదలదని చెప్పే హక్కు ఆయనదే.

నిన్న ఊరెళ్ళే హడావిడిలో అమ్మతో, "గ్యాసు అబ్బాయి వస్తాడే, నువ్వెలాగూ..." అంటూ నాలిక కరుచుకున్నాను.

అమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఊఁ, ఎలాగూ?"

"నీకు వీలవుతుందా అమ్మా?" అన్నాను.