కృప ఉచితమే, క్షమ ఎవరిది?

మనిషి తాను చేసిన పనుల వల్ల రక్షణ పొందడు, దేవుడి కృప వల్ల, విశ్వాసం ద్వారా ఉచితంగా పొందుతాడు. క్రైస్తవ ఇళ్లల్లో పుట్టిన ఆడపిల్లలు అక్షరాలు దిద్దకముందే వినే మాట ఇది. పౌలు ఎఫెసీయులకు, రోమీయులకు రాసిన లేఖల్లో ఉంది. 1517లో మార్టిన్ లూథర్ పాపపరిహార పత్రాల అమ్మకాన్ని ప్రశ్నించడంతో మొదలైన తగువులో ఈ మాటే కేంద్రమై, యూరప్ చర్చిని రెండుగా చీల్చింది. 1738 మే 24న లండన్‌లో ఒక చిన్న ప్రార్థనా కూటంలో లూథర్ రాసిన ముందుమాట చదువుతుండగా విన్న జాన్ వెస్లీ జీవితాన్ని మలుపు తిప్పింది. ఆ వెస్లీ పేరు మోసే మిషనరీలు మెదక్ వైపు నుంచి, బాప్టిస్టులు హనుమకొండ వైపు నుంచి మా తెలంగాణ పల్లెల్లోకి వచ్చినప్పుడు ఈ మాట మాల, మాదిగ వాడల్లోకీ వచ్చింది.

వేదాంతులు ఈ సిద్ధాంతం గురించి అయిదు వందల ఏళ్లుగా వాదించుకుంటున్నారు. నేను అడగాలనుకున్న ప్రశ్న చాలా చిన్నది. జీవితమంతా చాకిరీగానే గడిచిన స్త్రీకి, ఆ చాకిరీకి ఏనాడూ లెక్క దొరకని స్త్రీకి, 'నీ క్రియల వల్ల కాదు' అని చెబితే ఆమెకు ఏం వినిపిస్తుంది? అది విడుదలా, ఇంకో అవమానమా?

మా చేర్యాల నకాషీ బొమ్మలకు పేరు. 2016లో సిద్దిపేట జిల్లాలో కలవకముందు ఇది వరంగల్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు ఆ బొమ్మలు పట్నంలో డ్రాయింగు రూముల గోడల మీద కనిపిస్తున్నాయి గానీ, అవి పుట్టింది అలంకారం కోసం కాదు. గజాల కొద్దీ పొడవున్న గుడ్డ మీద, ఎర్రటి నేపథ్యంలో, ఒక్కో కులం పుట్టుకను కథగా గీసేవాళ్లు. ఆ పటాన్ని విప్పుకుంటూ ఆశ్రిత కులాల కళాకారులు ఊరూరా కథ చెప్పేవాళ్లు. పద్మశాలీలకు కూనపులివాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు. డక్కలివాళ్లు చెప్పే జాంబపురాణంలో జాంబవంతుడు సృష్టికంటే ముందువాడు, అందరికంటే పెద్దవాడు. మరి ఆ పెద్దవాడి సంతానం ఊరి చివరికి ఎట్లా చేరింది? దానికి పురాణం చెప్పే జవాబులో ఆవు మాంసం ఉంది, ఒక తప్పు ఉంది, దాని ఫలం తరతరాలుగా అనుభవించడం ఉంది.

ఈ కథలో రెండు పార్శ్వాలున్నాయి. మేమే మొదటివాళ్లమన్న ఆత్మగౌరవం ఒకటి, ఎప్పుడో ఎవరో చేసిన దానికి ఇప్పటికీ చెల్లిస్తూనే ఉన్నామన్న లెక్క ఇంకొకటి. బ్రాహ్మణ కర్మ సిద్ధాంతం ఈ రెండో దాన్నే పట్టుకుని ఇంకా గట్టిగా చెబుతుంది: నీ పుట్టుకే నీ పాత బాకీ. అటువంటి చోటికి ఎవరో వచ్చి, బాకీ కొట్టేశారు, నువ్వు చెల్లించాల్సిందేమీ లేదు అంటే, అది విన్నవాళ్లు మతం మారడం వెనక గోధుమపిండీ పాలపొడీ మాత్రమే చూసేవాళ్ల మీద నాకు జాలి కలుగుతుంది. ఆకలి ఉంది, కాదనను. 1878 కరువు తర్వాత జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కానీ ఆకలి ఒక్కటే అయితే కరువు పోయాక విశ్వాసమూ పోవాలి కదా.

మా పెద్దమ్మ బీడీలు చేసేది. ఒళ్లో చాట, పక్కన తడిపిన తునికాకు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. టేకేదారు కట్టలు విప్పి నాసిగా ఉన్నవని పక్కకు తీసేసినవి లెక్కలోకి రావు, వాటికి పోసిన తంబాకు ఖర్చు మాత్రం ఆమెదే. ఇంట్లో వండినదానికీ, కడిగినదానికీ, కన్నదానికీ ఎట్లాగూ లెక్క లేదు. ఆమె ఆదివారం చర్చికి ఎందుకు పోతుందో ఒకసారి అడిగాను. "గదొక్కటే బిడ్డా, లెక్క వెట్టకుంట ఇచ్చేది" అంది. విశ్వాసమూలంగా నీతిమంతులుగా తీర్చబడటం గురించి నేను తర్వాత చదివిన పుస్తకాలేవీ దీనికంటే సూటిగా చెప్పలేదు. పనిని బట్టి మనిషికి విలువ కట్టే చోట, పనితో నిమిత్తం లేని విలువ ఒకటుందని ఆమెకు తెలిసింది. ఆమెకు అది అవమానంగా వినిపించలేదు.

పండిత రమాబాయిని ఈ సందర్భంలో తలుచుకోవాలి. 1883లో ఇంగ్లండ్‌లో ఆమె బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత 1907లో రాసుకున్న సాక్ష్యంలో రెండు సంగతులు చెబుతారు. తాను చదివిన శాస్త్రాలన్నీ ఎన్నో విషయాల్లో విభేదించుకున్నా, స్త్రీలు చెడ్డవాళ్లనీ, పురుషుడిలా నేరుగా మోక్షం పొందలేరనీ, భర్తను దైవంగా కొలవడమే వాళ్లకు దారి అనీ చెప్పడంలో ఏకమయ్యాయన్నది ఒకటి. బాప్తిస్మం తర్వాత కూడా ఎన్నో ఏళ్లు తన దగ్గర క్రైస్తవమతం ఉంది గానీ క్రీస్తు లేడన్నది రెండోది. కృపను తెలుసుకున్న రమాబాయి చర్చి పెద్దలకు అణకువగా లొంగలేదు, తన మనస్సాక్షిని ఏ బిషప్పుకూ అప్పగించలేదు. నేరుగా దొరికిన రక్షణ మధ్యవర్తిని అనవసరం చేస్తుంది. ఆ మధ్యవర్తి భర్త అయినా, పూజారి అయినా, పాస్టరు అయినా.

ఇంతవరకు నాకు పేచీ లేదు. పేచీ మొదలయ్యేది పాపం గురించి చెప్పేటప్పుడు. కృప ఎందుకు అవసరం? మనిషి గర్వి, తన్ను తాను దేవుడనుకుంటాడు, ఆ అహం విరగాలి అంటారు. 1960లో అమెరికాలో వాలెరీ సేవింగ్ అనే ఆమె ఒక వ్యాసంలో దీన్ని ప్రశ్నించింది. ఇది ఎవరి పాపం? మగవాళ్ల అనుభవాన్ని మనిషి అనుభవంగా రాసేశారు కదా, స్త్రీలు పడే ఉచ్చు గర్వం కాదు, తమంటూ ఏమీ మిగలకుండా ఇతరుల్లో కరిగిపోవడం అంది. తెల్లవారుజామున లేచి రాత్రి దాకా బీడీలు చుట్టే స్త్రీకి అహం చంపుకోమని బోధిస్తే చంపడానికి అక్కడ మిగిలిందేమిటి? కృప ఆమెను విరగ్గొట్టడానికి కాదు, నిలబెట్టడానికి రావాలి. మెదక్‌లోనో ఒంగోలులోనో ఏ ప్రసంగపీఠం మీదనైనా ఈ తేడా వినిపించాలంటే అక్కడ నిలబడి మాట్లాడే స్త్రీలు ఉండాలి. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడితే, స్త్రీలకు గురుత్వాభిషేకం 1970ల దాకా రాలేదు. మొదటి స్త్రీ బిషప్పుగా పుష్పలలిత గారు నంద్యాల డయాసిస్‌కు వచ్చేసరికి 2013 అయింది. యోగ్యత చూడకుండా కృప ఇచ్చిన దేవుడి పేర, యోగ్యత చూసి అందులోనూ పుట్టుక చూసి గౌను తొడిగారన్నమాట.

అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. ఒకనాడు పెదనాన్న తాగివచ్చి కొట్టిన దెబ్బకు పెద్దమ్మ కుడిచెయ్యి విరిగింది. రెండు నెలలు బీడీ చుట్టలేదు, కూలి లేదు. తర్వాత ఆయన చర్చిలో ఏడ్చి మారుమనస్సు పొందానని సాక్ష్యం చెప్పాడు. అందరూ స్తోత్రం అన్నారు. అయ్యగారు ఇంటికొచ్చి, దేవుడే క్షమించాడు, నువ్వు క్షమించకపోతే ఎట్లా అన్నాడు. పెద్దమ్మ అన్న మాట నేను పక్కనే ఉండి విన్నాను: "దేవుడు క్షమిస్తె క్షమించనీ అయ్యగారూ. ఇరిగింది నా చెయ్యి గదా, దేవునిది కాదు."

ఆమె అవిశ్వాసి కాదు. ఆ తర్వాతా ఆదివారం మానలేదు. కానీ రెండు లెక్కల్ని కలపడానికి ఒప్పుకోలేదు. దేవుడికీ పాపికీ మధ్య ఉన్న బాకీని దేవుడు కొట్టేయవచ్చు, అది ఆయన ఇష్టం. కొట్టినవాడికీ దెబ్బతిన్నదానికీ మధ్య ఉన్నదాన్ని ఆమె తరఫున కొట్టేసే అధికారం ఎవరిది? జర్మనీలో డీట్రిచ్ బాన్‌హోఫర్ 1937లో చవక కృప అని ఒక మాట వాడాడు. పశ్చాత్తాపం, శిష్యత్వం లేకుండా పంచిపెట్టే క్షమ అది. మన ఇళ్లల్లో ఆ చవకదనానికి అసలు ధర స్త్రీలు కడుతున్నారు. సువార్తలోనే జక్కయ్య ఉన్నాడు. యేసు పిలవకముందే అతను ఏమీ తిరిగివ్వలేదు, నిజమే. కృప ముందే వచ్చింది. కానీ వచ్చాక అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు, అదీ తాను మోసం చేసినవాళ్లకు. లూథరన్లూ కేథలిక్కులూ 1999లో, మెథడిస్టులు 2006లో సంతకం పెట్టిన ఉమ్మడి ప్రకటన సారం కూడా ఇదే: రక్షణ క్రియల వల్ల రాదు, వచ్చిన రక్షణ క్రియలు లేకుండా ఉండదు. విరిగిన చేతి కూలి కట్టివ్వని మారుమనస్సును నేనెట్లా నమ్మను?

చట్టం కూడా చాలాకాలం అయ్యగారి పక్షానే ఉంది. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే చాలు. భార్యకు మాత్రం దానితోపాటు క్రూరత్వమో, వదిలేసి పోవడమో ఇంకోటి రుజువు కావాలి. 2001లో సవరించేదాకా, అంటే 132 ఏళ్లు, ఇదే నడిచింది. క్రైస్తవ భార్య ఓర్పుకు కృప అని పేరు పెట్టినవాళ్లకు ఈ చట్టం అడ్డు రాలేదు.

రాజ్యం దగ్గర ఇంకో లెక్క ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గానీ, క్రైస్తవులను చేర్చలేదు. మన దగ్గర క్రైస్తవులైన ఎస్సీలు బి.సి.-సి కింద ఒక శాతంలోకి పోతారు. క్రీస్తులో కులం లేదు గదా అంటారు. చర్చిలో మాల మాదిగల వేరు కూటాలు, పెళ్లిళ్ల దగ్గర అడిగే కులం చూసినవాళ్లకు ఇది ఎంత క్రూరమైన హాస్యమో తెలుసు. ప్రార్థనలో ఒక పేరు, సర్టిఫికెట్లో ఒక పేరు పెట్టుకుని బతుకుతున్న అమ్మాయిలు అబద్ధమాడుతున్నారని నేననను. వాళ్ల విశ్వాసానికి ధర కట్టింది వాళ్లు కాదు.

కృప స్త్రీకి విడుదలా, అవమానమా? రెండూ కాగలదు. ఎవరు ఎవరికి చెబుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. బాకీల కింద నలిగినవాళ్లకు చెబితే అది విడుదల. బాకీ పడ్డవాడి చేతికి రసీదుగా ఇస్తే అది స్త్రీలను మరోసారి దోచుకోవడమే. కృపను నమ్మేవాళ్లు ఈ తేడాను బోధలో చెప్పాలి. నమ్మని స్త్రీవాదులం మనం కూడా దాన్ని ఓదార్పు అని తేలిగ్గా కొట్టిపారేయకుండా, మా పెద్దమ్మ లాంటివాళ్లు అందులోంచి తీసుకున్నదేమిటో, తీసుకోవడానికి నిరాకరించినదేమిటో వాళ్లనే అడిగి రాసుకోవాలి. తెలుగులో క్రైస్తవ స్త్రీల వేదాంతం అంటూ రాయాల్సి వస్తే దాని మొదటి పేజీ అక్కడే ఉందని నాకనిపిస్తుంది.