సరిపోయిన లెక్క, సత్యమైన లెక్క

ధ్యాన భాగము: లూకా 16:1–13



మార్చి 31వ తేదీతో మన దేశములో లెక్కల సంవత్సరము ముగియును. పట్టణములోని పెద్ద కంపెనీ మొదలుకొని పల్లెలోని ఎరువుల దుకాణము వరకు, ఆ దినమున పుస్తకములు మూసి, ఏడాది పొడుగున ఏమి వచ్చినది, ఏమి పోయినది, ఏమి మిగిలినది అని చూచుకొందురు. రెండు ప్రక్కల మొత్తములు ఒక్కటే అయినప్పుడు, వ్రాయువాడు కలము క్రింద పెట్టి, "లెక్క సరిపోయినది" అనును. ఆ మాటను గూర్చియే ఈ మాసము ఆలోచింతము. సరిపోయిన లెక్క సత్యమైన లెక్కయేనా?

వ్యాపారి ఏటి చివర ముఖ్యముగా రెండు పట్టీలు వ్రాయును. మొదటిది లాభనష్టముల పట్టీ. ఏడాది యంతటిలో జరిగిన రాబడియు ఖర్చును అందులో నుండును. రెండవది ఆస్తి అప్పుల పట్టీ. ఆ ఒక్క దినమున దుకాణము ఏ స్థితిలో నున్నదో అది చూపును. ఒక ప్రక్క నగదు, సరుకు, రావలసిన బాకీలు, సామానులు. రెండవ ప్రక్క టోకు వర్తకునికి ఇయ్యవలసినది, బ్యాంకు అప్పు, వాటితోపాటు యజమానుని సొంత పెట్టుబడి. యజమానుని సొమ్మును అప్పుల ప్రక్కన ఏల వ్రాయవలెనని కొందరికి ఆశ్చర్యము కలుగును. దుకాణము వేరు, మనిషి వేరు అని లెక్కల శాస్త్రము ఎంచును. దుకాణము అతనికి బాకీ యున్నది. తన దుకాణములోనైనను అతడు ఒక గృహనిర్వాహకునివలె లెక్క చెప్పవలసినవాడే.

ప్రతి వ్యవహారమును రెండు చోట్ల వ్రాయు ఈ పద్ధతి ఇటలీ వర్తకులలో ముందే యుండెను. లూకా పాచోలీ అను ఫ్రాన్సిస్కను సన్యాసి దానిని వివరించి 1494లో వెనిసు నగరమున అచ్చు వేయించెను. సరుకు వచ్చినదని ఒక చోట, దానికై నగదు పోయినదని మరియొక చోట వ్రాయుదురు. కాబట్టి మొత్తములు సమానము కావలెను. కూడికలో తప్పు పడినను, ఒక పద్దు ఒక్క చోటనే వ్రాసి మరచినను బయటపడును. ఇది గొప్ప మేలు. అయితే దానికి ఒక హద్దు కలదు. రెండు చోట్ల సమానముగా వ్రాసిన అబద్ధము కూడ చక్కగా సరిపోవును.

మన ధ్యాన భాగములోని గృహనిర్వాహకుడు చేసినది ఇదియే. నూరు మణుగుల నూనె బాకీని యేబదిగాను, నూరు తూముల గోధుమలను ఎనుబదిగాను అతడు ఋణస్థులచేతనే తిరిగి వ్రాయించెను. అటు తరువాత చీటికిని ఋణస్థుని మాటకును భేదము లేదు. చీటికిని నిజమునకును మాత్రమే భేదము. యజమానుడు వాని యుక్తిని మెచ్చెను గాని వాని చీటీలను నిజమని చెప్పలేదు.

ఇప్పుడు ఒక ఎరువుల దుకాణమును ఊహింతము. ఏటి మొదట సరుకు నిలువ 1,20,000 రూపాయలు. ఏడాదిలో కొన్నది 9,00,000. అమ్మినది 10,00,000. మార్చి 31న మిగిలిన సరుకు 1,50,000. అనగా అమ్ముడుపోయిన సరుకు ఖరీదు 8,70,000, దానిపై మిగులు 1,30,000. అద్దె, కూలి, కరెంటు, బండి కిరాయి కలిసి 60,000 పోగా లాభము 70,000 అని తేలినది. పెట్టెలోని నగదు పైసాతో సహా సరిపోయినది.

అయినను నాలుగు ప్రశ్నలు అడుగవలసియున్నది.

మొదటిది: నిలువలోని సరుకంతయు అమ్ముడుపోవునా? 20,000 రూపాయల పురుగుమందునకు గడువు తీరిపోయినది. సరుకును కొన్న ధరకు గాని, అమ్మితే చేతికి వచ్చు ధరకు గాని, ఏది తక్కువైన దానికే వ్రాయవలెనని నియమము. కొనువాడే లేని సరుకు సొమ్ము కాదు.

రెండవది: అరువులన్నియు వచ్చునా? 15,000 రూపాయలు బాకీపడిన కుటుంబములు ఊరు విడిచి పోయినవి. "రానిది" అని వ్రాయుటకు యజమానుని చేయి ఆడదు. వ్రాసినయెడల వారిమీద నమ్మకము పోయినట్లుండునని అతని భావము. అయితే పుస్తకములో అట్లు వ్రాయుటచేత ఆ మనుష్యులకు అవమానము కలుగదు, వారి బాకీయు తీరిపోదు. మన ఆశను సొమ్ముగా లెక్కించుట మానుచున్నామంతే.

మూడవది: కాటాయు బీరువాలును నిరుటివలెనే యున్నవా? కాడి మోయు ఎద్దు ఏటేటా ముదియునని రైతునకు ఎవరును చెప్పనక్కరలేదు. ఆ తరుగుదల 5,000.

నాలుగవది: చేయించుకొనిన పనికి చెల్లించితిమా? మార్చి నెల కూలియు కరెంటు బిల్లును 4,000, ఏప్రిలులో గదా ఇత్తుమని వ్రాయలేదు. పని జరిగినది ఏ యేటనో ఖర్చును ఆ యేటిదే.

ఈ నాలుగును కలిసి 44,000. నిజమైన లాభము 26,000 మాత్రమే. మొదటి పట్టీయు సరిపోయినది, రెండవ పట్టీయు సరిపోయినది. పెట్టెలోని నగదు ఒక్క పైసా మారలేదు. నగదును ఎంచవచ్చును గాని తక్కినవాటిని తీర్పు తీర్చవలెను. తీర్పు తీర్చవలసిన చోటనే మనస్సాక్షికి పని కలుగుచున్నది.

"నేను ఎవరి సొమ్మును తినలేదు, ఎవరిని మోసగింపలేదు" అని యజమానుడు అనవచ్చును. 70,000 లాభమని నమ్మి అంతయు ఇంటి ఖర్చునకు తీసినయెడల, ఆ 44,000 పెట్టుబడిలోనుండియే పోవును. అది విత్తనమునకు ఉంచిన వడ్లు దంచుకొని తినుటయే. వచ్చే యేడు సరుకునకు సొమ్ము చాలక అప్పునకు పోయినప్పుడు, ఎక్కడ పోయినదో అతనికే తెలియదు.

మరియొక సంగతి. ఈ యేటి చివరి నిలువయే వచ్చే యేటి మొదటి నిలువ. నేడు లేని 20,000 ఉన్నదని వ్రాసినయెడల, వచ్చే యేటి లాభములో ఆ 20,000 తప్పక తరుగును. ఆ తరుగు కనబడకుండ మరల 20,000 అబద్ధము వ్రాయవలెను. లాభము ఇంకను పెరిగినట్లు చూపగోరినయెడల మరింత వ్రాయవలెను. అబద్ధము నిలిచిన చోట నిలువజాలదు.

2009 జనవరి 7వ తేదీన హైదరాబాదులోని సత్యం కంప్యూటర్సు కంపెనీ అధ్యక్షుడు రామలింగరాజు తన డైరెక్టర్లకు ఒక ఉత్తరము వ్రాసెను. 2008 సెప్టెంబరు 30 నాటి పట్టీలో నగదు, బ్యాంకు నిలువ 5,361 కోట్లని చూపగా, అందులో 5,040 కోట్లు లేనే లేవని ఒప్పుకొనెను. నిజమైన లాభమునకును చూపిన లాభమునకును మొదట కొంచెమే ఎడమనియు, అది ఏటేటా పెరిగినదనియు తెలిపెను. ఆ కంపెనీ పట్టీలును రెండు ప్రక్కల సరిపోయియే యుండెను. 2015లో ప్రత్యేక న్యాయస్థానము ఆయనకును మరికొందరికిని ఏడేండ్ల జైలుశిక్ష విధించెను. వారు దానిపై అప్పీలు చేసికొనిరి.

లాభమును తక్కువ చేసి చూపుట వివేకమని తలంపకుడి. పన్నువారి కొరకు సరుకును తగ్గించి, బ్యాంకువారి కొరకు పెంచి, రెండు పుస్తకములు ఉంచువాడు, ధర్మశాస్త్రము నిషేధించిన పెద్దరాయిని చిన్నరాయిని ఒకే సంచిలో మోయువాడే. ఇంటికి తీసికొనిపోయిన బియ్యమును నూనెను వ్రాయనివాడు కూడ, దుకాణము ఆర్జించిన లాభమును దాచి, "వ్యాపారము కలిసిరాలేదు" అని దుకాణముపై నేరము మోపుచున్నాడు. 2013 నాటి కంపెనీల చట్టము కంపెనీల పట్టీలు సత్యమును న్యాయమునైన రూపమును చూపవలెనని కోరుచున్నది. ఎక్కువగాను తక్కువగాను కాక, ఉన్నది ఉన్నట్లే చూపవలెనని దాని భావము.

కాబట్టి దుకాణముగాని, పొదుపు సంఘముగాని, సంఘపు కానుకల పెట్టెగాని మీ చేతిలో నున్నయెడల, ఏటి చివర పుస్తకము ఒక్కటే చూచి తృప్తిపడకుడి. తలుపులు తెరచి సరుకు ఎంచుడి. వ్రాయువాడు ఒకడు, ఎంచువాడు మరియొకడు ఉండనీయుడి. పౌలు యెరూషలేము పేదల కొరకైన చందాను ఒంటరిగా మోయక, సంఘములు ఏర్పరచినవారిని వెంట తీసికొనెను (2 కొరింథీ 8). ఆయన నమ్మదగినవాడు కాడని గాదు. చూచువారికి సందేహము కలుగకూడదని ఆయన కోరెను.

ఇంటివారితో కూర్చుండి ఆలోచించుటకు: మన పుస్తకములో ఏ బాకీని, ఏ సరుకును రాదని యెరిగియు ఇంకను సొమ్ముగా వ్రాయుచున్నాము? రేపు ఈ పుస్తకము మన పిల్లల చేతికో, విధవరాలైన భార్య చేతికో వచ్చినయెడల, వారు దానిని నమ్మి బ్రదుకవచ్చునా?