వేషం విప్పనివారు

పురుషుడు స్త్రీవేషం ధరించినప్పుడు ప్రేక్షకునికి కనిపించే స్త్రీత్వం నటుని నేర్పు మాత్రమేనా, లేక అతనిలో ముందే ఉన్నది వేషం మూలంగా బయటపడుతున్నదా అన్న ప్రశ్న మన శాస్త్రాలకు కొత్తది కాదు. నాట్యశాస్త్రం పాత్రధారణను మూడు విధాలుగా విభజించి, పురుషుడు స్త్రీపాత్రను పోషించడాన్ని రూపానుసారిణి అన్నది. అంటే పాత్ర రూపాన్ని అనుసరించి నటుడు తనను తాను మలచుకొనే పద్ధతి. శ్వేతాశ్వతరోపనిషత్తు ఇంకా ముందుకు పోయి, జీవాత్మకు స్త్రీపుంనపుంసక భేదాలేవీ లేవని, ఆ భేదమంతా అది ధరించిన దేహానిదేనని నిరూపించింది. ఈ దృష్టిలో దేహమే ఒక వేషం కనుక, దాని మీద మరొక వేషం వేసుకొన్నవారిని ఆక్షేపించడానికి వేదాంతికి ఆధారమేదీ ఉండకూడదు. అయినా సంఘం ఆక్షేపిస్తూనే వచ్చింది.

ఆక్షేపణ రంగస్థలం మీద మాత్రం వినిపించదు. సత్యభామగా పేరుపొందిన స్థానం నరసింహారావుకు 1956లోను, కూచిపూడి భామాకలాపంలో అదే పాత్రకు ప్రాణం పోసిన వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లోను పద్మశ్రీ లభించింది. తెలంగాణలోని కేసముద్రం చుట్టుపట్ల పల్లెలకు సుపరిచితమైన ఒగ్గు కథలో, అనగా కురుమలు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ చరిత్రలను డోలు దెబ్బ మీద చెప్పే కథారూపంలో, కథకుడు నిలుచున్న చోటనే తల మీద చెంగు కప్పుకొని ఆడదవుతాడు, అది తీసి మళ్లీ మగవాడవుతాడు, ఆ రాకపోకలను చూసి నొచ్చుకొనే శ్రోత ఒక్కడూ ఉండడు. అయితే ఈ మన్ననకు పైకి చెప్పని షరతు ఒకటి ఉన్నది: కథ ముగిసేసరికి వేషం విప్పాలి. విరాటుని కొలువులో నాట్యం నేర్పిన బృహన్నలను పాఠకుడు ఆదరించడానికి కారణం కూడా, ఏడాది నిండగానే గాండీవం చేతికి వస్తుందని అతనికి ముందే తెలియడం. వేషం విప్పకపోయినా మన్నన దక్కించుకొన్న వారిలో ఓరుగల్లు నేలిన రుద్రమదేవి ఒకరు; శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజని పేర్కొన్నాయి, కాని ఆ మినహాయింపు సింహాసనానికి దక్కిందే తప్ప ఆడవారందరికీ దక్కింది కాదు.

వేషం విప్పని సామాన్యుని గతి ఏమిటో నిజాం ప్రభుత్వం ఫసలీ 1329లో, అనగా 1919లో, చేసిన చట్టం చెబుతుంది. హైదరాబాదు నగరంలోను, ప్రభుత్వం ప్రకటించే ఇతర ప్రాంతాలలోను నపుంసకులుగా నమోదైనవారు స్త్రీల దుస్తులతోనో నగలతోనో వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడినా పాడినా, వారంటు లేకుండా పట్టుకొని రెండేళ్ల వరకు ఖైదు చేయవచ్చునని అది శాసించింది. అదే చీర, అదే ఆట. ఒకచోట కళ, మరొకచోట నేరం. తేడా వేషంలో లేదు, దాన్ని విప్పుతారా లేదా అన్నదానిలోనే ఉన్నది. విప్పని వేషం మోసమన్నదే ఈ చట్టం వెనుక ఉన్న తత్త్వం. నిజాం రాజ్యం పోయి డెబ్బై అయిదేళ్లు కావస్తున్నా గ్రంథంలో నిలిచి ఉన్న ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది.

విప్పని వేషం మోసమన్న ఆ తత్త్వానికి సరిగ్గా ఎదురుగా నిలిచే సిద్ధాంతం గ్రంథాలలో కాక గ్రామదేవతల జాతరలలో దొరుకుతుంది. అయినవోలు, కొమురవెల్లి మల్లన్న జాతరలలో పసుపు బండారి పూసుకొని శివమూగే శివసత్తులలో, అంటే దేవత ఒంటి మీదికి వచ్చిందని నమ్మే భక్తులలో, చీర కట్టిన పురుషులూ ఉంటారు. భక్తుల దృష్టిలో ఆ చీర అతను ఎంచుకొన్నది కాదు, దేవత కట్టించింది. కాబట్టి విప్పమని అడిగే అధికారం మనిషికి లేదు. ఉపనిషత్తు భేదాన్ని తుడిచివేసి సమస్యను దాటవేయగా, ఈ నమ్మకం భేదాన్ని ఉండనిచ్చి, దానికి ఊళ్లో ఒక స్థానం కల్పించింది. తత్త్వంగా చూసినా ఇదే లోతైనది. అయితే దీనికీ ఒక లోపం ఉన్నది. పూనకం పుణ్యమా అని దక్కిన గౌరవం జాతర వరకే పనికివస్తుంది. దేవత పేరు చెప్పకుండా, కేవలం తన స్వభావం ఇదని చెప్పుకొనే మనిషికి ఆ ఊళ్లోనే అద్దె ఇల్లు దొరకడం కష్టం.

ఆ స్వభావానికి దైవసాక్ష్యం అక్కరలేదని, ఎవరి లింగగుర్తింపును వారే నిర్ణయించుకోవచ్చునని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పు చెప్పింది. తరువాత అయిదేళ్లకు పార్లమెంటు చేసిన చట్టం మాత్రం జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చే ధ్రువపత్రాన్ని ఆ గుర్తింపుకు ఆధారం చేసింది. ఒగ్గు కథకుణ్ణి నీవు నిజంగా ఎల్లమ్మవేనా అని అడిగినవారు లేరు. వేషమే తన బతుకైన మనిషిని ఆ ప్రశ్న అడగడం న్యాయం కాదు, వేదాంతమూ కాదు.