ఓడిన ప్రశ్న

కంపెనీలు విలీనమైనప్పుడు వాటి డేటాబేసులు కలపడం నా ఉద్యోగం. ఎవరూ అడగని రికార్డులను తీసేస్తాం. అందులో తప్పొప్పుల ప్రసక్తి ఉందని నాకెప్పుడూ తోచలేదు.

2004లో సోనీ, బీఎంజీల సంగీత వ్యాపారాలు కలవడానికి యూరోపియన్ కమిషన్ ఒప్పుకుంది. చిన్న సంగీత సంస్థల సంఘం ఇంపాలా కోర్టుకెక్కింది. పోటీకి హాని లేదనడానికి చూపిన ఆధారాలు చాలవని 2006లో కోర్టు ఆ అనుమతిని కొట్టేసింది. 2007లో కమిషన్ మళ్ళీ అనుమతించింది. 2008లో పైకోర్టు ఆ తీర్పునే రద్దు చేసింది. 2012లో ఈఎంఐ రికార్డుల వ్యాపారాన్ని యూనివర్సల్ కొన్నాక, ఐదు పెద్ద కంపెనీలు మూడయ్యాయి.

మనుషులు ఓడితే వాళ్ళు వేసిన ప్రశ్న కూడా ఓడినట్టేనా? నాకలా అనిపించదు. రాబోయే నష్టాన్ని చిన్నవాడు ముందే నిరూపించలేడు. వచ్చాక నిరూపించడానికి మిగలకపోవచ్చు. కనుక రుజువు భారం కలిసేవాళ్ళ మీదే ఉండాలి.

ఇప్పుడు ఏ రికార్డయినా తీసేసేముందు, అది ఎవరిదో ఓసారి చూస్తున్నాను.