నర్సు కాయకము - లక్కమ్మ బియ్యము



కాయకమనగా కేవలము కడుపు నింపుకొను వృత్తి కాదు. శుద్ధమైన మనస్సుతో, నలుగురికి ఉపయోగపడునట్లు చేయు శ్రమ యేదైనను కాయకమే. పండ్రెండవ శతాబ్దమున కల్యాణమందు బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో త్రాళ్లు పేనువాడును, బట్టలు ఉతుకువాడును, పడవ నడుపువాడును సమానముగ కూర్చుండిరి. ఆ పంక్తిలో నేడు కూర్చుండదగిన కాయకమొకటి కలదు. తలకు దెబ్బ తగిలి మెదడు చెడిన వారిని తిరిగి బ్రతుకునకు అలవరచు పునరావాస విభాగములందు నర్సులు చేయు పరిచర్యయే అది.

ఒకడు మోటారు సైకిలు మీదినుండి పడును. శస్త్రవైద్యుడు ప్రాణము కాపాడును. బంధువులు గండము గడచినదని తలతురు. నిజమునకు కష్టము అప్పుడే మొదలగును. స్పృహను కొలుచుటకు 1974లో గ్లాస్గో నగరపు వైద్యులు ఒక కొలమానము నేర్పరచిరి. కన్ను తెరచుట, మాటాడుట, అవయవములు కదల్చుట అను మూడింటిని చూచి దానిలో అంకెలు వేయుదురు. కనిష్ఠము 3, గరిష్ఠము 15. అయితే 15 వచ్చినంత మాత్రమున మనిషి పూర్తిగా తిరిగి వచ్చినట్లు కాదు. ఒకనికి కుడిచేయి పనిచేయదు. ఒకనికి మన మాట అర్థమగును గాని తన మాట పెదవి దాటదు. ఒకనికి ఉదయము జరిగినది మధ్యాహ్నమునకు నిలువదు. శాంతమూర్తియని పేరు పొందినవాడు కన్నతల్లిని దుర్భాషలాడును.

ఈ చివరిది చూచి ఇంటివారు “వీనికి గుణము చెడినది” అని కుందుదురు. 1848లో అమెరికాలోని వెర్మాంటు ప్రాంతమున ఫినియస్ గేజ్ అను రైలుమార్గపు మేస్త్రి తలగుండ ఇనుప కడ్డీ దూసికొని పోయెను. అతడు బ్రదికెను, నడచెను, మాటాడెను. కాని అతని నడవడి మారిపోయినదని ఎరిగినవారు చెప్పిరి. నుదుటి వెనుకనున్న మెదడు భాగము మన కోపమునకు, తొందరకు కళ్లెము వంటిది. కళ్లెము తెగిన గుఱ్ఱమును కొట్టి ప్రయోజన మేమి?

ఇక నర్సు చేయు పని చూడుడు. కదలలేని రోగిని రెండేసి గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పవలయును. లేనిచో ఒరిపిడికి పుండ్లు పడును. మ్రింగుట సరిగ రానివానిని కూర్చుండబెట్టి, గ్రుక్కగ్రుక్కకు ఆగి, దగ్గు వచ్చునేమో గమనించుచు తినిపింపవలయును. లేనిచో అన్నము ఊపిరితిత్తులలోనికి పోవును. కీళ్లు బిగిసికొనకుండ చేతులను, కాళ్లను తగిన రీతిగ అమర్చవలయును. మలమూత్రములకు వేళలు అలవాటు చేయవలయును. ప్రతి ఉదయము తన పేరు చెప్పి, తేది చెప్పి, “మీరు ఆసుపత్రిలో ఉన్నారు” అని తెలుపవలయును. రోగి కలవరపడినపుడు వాదింపక, రేడియో కట్టివేసి, ఒక్కరే మెల్లగ మాటాడవలయును. వ్యాయామము నేర్పువారు వచ్చి గంటయో రెండు గంటలో ఉండి పోవుదురు. వారు నేర్పినదానిని స్నానమునందు, భోజనమునందు, బట్ట కట్టుటయందు రాత్రింబవళ్లు అలవాటుగ మార్చునది నర్సు.

ఇంత చేసినను, రోగి మరునాటికి ఆమె నెరుగడు. కొన్నిమారులు చేయి విసరును. అయినను ఆమె పని ఆగదు. కృతజ్ఞత గూడ ఫలాపేక్షయే కదా! ఆ అపేక్షయు లేని శ్రమ చేయువారు మన నడుమనే తెల్లని దుస్తులలో తిరుగుచున్నారు. అట్లని ఆమె దెబ్బలు తినుట పుణ్యమని నే ననుట లేదు. తోడు మనుష్యులను, విశ్రాంతిని, రక్షణను కల్పించుట ఆసుపత్రివారి ధర్మము. ఒకరి సహనము మీద వేరొకరు తమ బాధ్యతను మోపుట దాసోహము కానేరదు.

ఇచ్చట మనము తలపవలసిన కథ యొకటి కలదు. ఆయ్దక్కి మారయ్య నేల రాలిన బియ్యపు గింజలేరి తెచ్చి, భార్య లక్కమ్మతో కూడి జంగమార్చన చేయువాడు. ఒకనాడు నిత్యము కంటె అధికముగ తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. కావలసిన దానికి మించినది ఆశయే యగునని చెప్పి, దానిని తెచ్చిన చోటనే పోసి రమ్మనెను. మారయ్య అట్లే చేసెను.

ఈ కథను మనము ధనమునకే అన్వయింతుము. నాకు తోచినంతవరకు ఇది సేవకును వర్తించును. రోగి చొక్కా గుండీ పెట్టుకొనుటకు పది నిమిషములు పట్టును. నర్సు పెట్టిన ఒక్క నిమిషము. కాని తెలిసిన నర్సు చేతులు కట్టుకొని ప్రక్కన నిలుచును. చూడవచ్చిన బంధువులు “ఈమెకు జాలి లేదు” అందురు. జాలి లేక కాదు. ఆ గుండీ ఆమె పెట్టినచో అది అధికమైన బియ్యము. నశించిన మెదడు కణములు చాలవరకు తిరిగి మొలకెత్తవు గాని, మిగిలిన మార్గములు పలుమారులు చేసిన అభ్యాసముచే కొంత పని నేర్చుకొనును. ఆ అభ్యాసము రోగి చేయవలసినదే కాని ఒకరు అతనికై చేయునది కాదు. బడిలో పలక మీద అక్షరము దిద్దించు మాకు ఇది తెలియని విషయము కాదు. బాలుని చేయి పట్టనిచో ఓనమాలు రావు. పట్టిన చేయి విడువనిచో అసలే రావు.

అట్లని చేయూత తగ్గించుటయే ధర్మమనుకొనరాదు. తూలిపడువానిని పట్టుకొనకుండుట క్రూరత. ఈ పూట ఎంత పట్టవలెనో, ఎంత విడువవలెనో ఎరుగుటయే ఆ కాయకమందలి విద్య.

1943లో రష్యా యుద్ధమున ఒక యువ సైనికుని తలలో గుండు దూరెను. చదువు, జ్ఞాపకము చెదరిపోయెను. ఒక్కొక్క అక్షరము తలచుకొని వ్రాయబోయిన చేయి సాగలేదు. చేయి ఎత్తక మాట మొత్తము ఒక్క ఊపున వ్రాయుమని వైద్యుడు చెప్పగా, పాత అలవాటు మేల్కొని చేయి వ్రాసెను. తాను వ్రాసినది తానే చదువలేని స్థితిలో అతడు ఇరువది యైదేండ్ల పాటు సుమారు 3,000 పుటలు తన కథ వ్రాసెను. లూరియా అను శాస్త్రజ్ఞుడు 1971లో దానిని గ్రంథముగ వెలువరించెను. అతడు పూర్ణముగ బాగుపడలేదు. కాని అతనికి ఒక కాయకము మిగిలెను. కాయకము మిగిలినవాడు శూన్యుడు కాడు.

“జ్ఞాపకము పోయినవాడు మునుపటి మనిషియేనా?” అని కొందరడుగుదురు. భార్య పేరు మరచినవాడు విభూతి పళ్లెరము ముందుంచిన, వ్రేళ్లు తామే నుదుటికి పోవుట గలదు. చిరకాలపు అభ్యాసము స్మృతికంటె లోతున నిలుచును. అటులైనను, ఆ వ్రేళ్లు సయితము కదలనివానిలో లింగము లేదనగలమా? మన ఎరుకను బట్టి శివుడు మనలో నివసింపడు. శివుడున్నాడు గనుక ఎరుక లేని దేహమును గూడ గౌరవముతో తాకవలయును.

మనము చేయదగినవి కొన్ని కలవు. 1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ ప్రకారము, నాలుగేండ్లు దాటిన ప్రతివారు ద్విచక్రవాహనము మీద హెల్మెట్ ధరింపవలయును. పోలీసువారికై కాక మీ తల్లికై ధరింపుడు. ఇట్టి రోగి ఇల్లు చేరినచో నర్సు నేర్పిన పద్ధతులు మానకుడు. అతని పని అతనిచేతనే ఓర్పుతో చేయింపుడు. పెండ్లి పేరంటములలో అతని తడబాటు చూచి నవ్వకుడు. అన్నిటికంటె ముఖ్యము, రేయింబవళ్లు అతనిని కనిపెట్టి యుండు ఇల్లాలినో తల్లినో మరువకుడు. వారమున కొక సాయంత్రము ఆమె చెప్పిన జాగ్రత్తలు విని, ఆ రోగి చెంత రెండు గంటలు కూర్చుండుడు. ఆమె కొంత నిద్రించును. వేయిమందికి అన్నము పెట్టు దాసోహము అందరికి సాధ్యము కాదు. ఇది అందరికి సాధ్యము.

మీ యింటి ఆడబిడ్డ నర్సు చదువు చదివెదనన్నచో ముఖము చిట్లింపకుడు. ఆమె కోరినది శరణుల పంక్తిలో ఒక చోటు.