కేక ఎప్పుడు వెయ్యాలి, అల్లుడూ



జూన్ 14తో వేట నిషేధం అయిపోతోంది, ఈసారి కాకినాడ బోటుకి నువ్వే సరంగువని అక్క చెప్పింది. చాలా సంతోషం. బోటు నడపడం నీకు నేను నేర్పక్కర్లేదు. సాయం ఎప్పుడు అడగాలన్నది మాత్రం ఒడ్డున ఉండగానే తేల్చుకో.

నడిసముద్రంలో సరంగు నోరు కట్టేసేది మొహమాటం. కాసేపాగితే ఇంజను అందుకుంటుందిలే, యజమాని డీజిలు లెక్క అడుగుతాడు, జెట్టీ మీద నవ్వుతారు... ఇలా లెక్కలు వేసుకుంటూ ఉండగానే ఇంజను గదిలోకి నీళ్లు వస్తాయి. చాలా బోట్లలో బ్యాటరీలు ఉండేది అక్కడే. అవి మునిగితే వైర్‌లెస్ పోయినట్టే. నువ్వు అడుగుదామనుకునే సరికి అడిగే దారి ఉండదు. పంపు తోడేదానికంటే వచ్చే నీరు ఎక్కువగా ఉందని తెలిసిందా, ఇంక ఆలోచించకు, పిలువు.

ఇంజను ఆగి బోటు కొట్టుకుపోతోంది, ప్రాణాల మీదికి మాత్రం ఇంకా రాలేదు అనుకో. అప్పుడు వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్ 16వ చానల్లో మూడుసార్లు ‘పాన్ పాన్’ అను. మనుషులకో బోటుకో ముప్పు ముంచుకొస్తే మూడుసార్లు ‘మేడే’. చాలామంది మేడే ఒక్కటే ఉందనుకుని, అంత పెద్ద మాట ఎందుకని ఊరుకుంటారు. నాకు బాధ కలిగించేది అదే. ముందు చిన్న మాట చెప్పు, పరిస్థితి దిగజారితే పెద్దది చెప్పొచ్చు. బోటు పేరు, జీపీఎస్‌లో కనిపించే అక్షాంశం, రేఖాంశం మొదట చెప్పెయ్యి. ఆ తర్వాత మాట తెగిపోయినా వెతికేవాళ్లకు చోటు తెలుస్తుంది. వీహెచ్‌ఎఫ్ అందనంత దూరంలో ఉంటే, ఆపద సంకేతం పంపే డాట్ పరికరం మీట నొక్కు. ఇస్రో తయారుచేసిన రెండో తరం డాట్ అయితే, నీ కేక అందిందని తిరిగి కబురు కూడా పంపుతుంది. ఫోను సిగ్నల్ ఉన్నచోట కోస్ట్ గార్డ్ నంబరు 1554. పొరపాటున డాట్ నొక్కితే మాత్రం కట్టేసి ఊరుకోవద్దు, వెంటనే కోస్ట్ గార్డ్‌కు చెప్పు. నీ వైపు మళ్లిన ఓడ ఇంకొకరికి దూరమవుతుంది.

కేక వేశాక బోటు వదిలెయ్యమనీ కాదు. 1979 ఫాస్ట్‌నెట్ తెరచాప పడవల పందెంలో తుపానుకు భయపడి మనుషులు వదిలేసిన పడవలు 24, వాటిలో మునిగినవి 5. మిగతావి తేలుతూ దొరికాయి. 15 మంది పోటీదారులు పోయారు, వాళ్లలో కొందరు రక్షణ తెప్పలను నమ్ముకున్నవాళ్లే.

అడిగితే చేతకానివాడంటారన్న బెంగ ఉంటే అభిలాష్ టోమీని తలుచుకో. 2013లో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టివచ్చిన నౌకాదళ అధికారి. 2018 సెప్టెంబరులో గోల్డెన్ గ్లోబ్ అనే తెరచాప పడవల పందెంలో, దక్షిణ హిందూ మహాసముద్రపు తుపానులో తెరచాప స్తంభం విరిగింది, వెన్ను దెబ్బతింది. అంతటివాడూ సాయం అడిగాడు. మూడు రోజులకు ఒసిరిస్ అనే ఫ్రెంచి నౌక వచ్చి ఎక్కించుకుంది. ఆయన మళ్లీ అదే పందెంలో దిగి, 2023లో రెండో స్థానంలో వచ్చాడు.

నీ పరువు నీది. కలాసీల ప్రాణాలు నీవి కావు. పిలుద్దామని వాళ్లలో ఎవడన్నా అంటే కసురుకోకుండా విను. వైర్‌లెస్ సెట్టు వాడటం ఇద్దరికైనా నేర్పు, నువ్వే నీళ్లలో పడితే పిలవాల్సింది వాళ్లే. ఐసు ఎక్కించే ముందు యజమానితో కూర్చుని, నువ్వు సాయానికి పిలిస్తే ఖర్చు గురించి తర్వాత మాట్లాడకూడదని ఒప్పించుకో. ఆయన ఏమన్నాడో నాకు ఫోన్ చెయ్యి. ఒప్పుకోకపోతే నేనే వచ్చి మాట్లాడతాను.

నీ మేనమామ